ఆ గడిలో ఎవరి పేరు?

"చిన్నాయినా, గీ గడిల ఎవలి పేరు రాయాలె?"

మొన్న ఆదివారం పొద్దున్నే మా అన్న కొడుకు ఫోను పట్టుకుని వచ్చి అడిగిన మాట ఇది. నేనింకా చాయ్ కూడా తాగలేదు.

వాడు, వాడి దోస్తులు ముగ్గురు కలిసి బ్యాండు పెట్టుకున్నారు. మా వర్ధన్నపేటలో బ్యాండంటే ఎర్రకోట్లు, క్లారినెట్లు, పెళ్ళి ఊరేగింపు గుర్తొస్తాయి. ఇది అది కాదు. ఒక గిటారు, ఒక కీబోర్డు, మీద కూర్చుని వాయించే చెక్క పెట్టె ఒకటి, ఒక డప్పు. మూడు నెలలు కిందామీదా పడి ఒక పాట రికార్డు చేశారు. ఇక విడుదల చేయాలి. స్పాటిఫై, జియోసావన్, ఆపిల్ మ్యూజిక్ అన్నిటికీ పాటను ఒకేసారి పంపిపెట్టే కంపెనీలు ఉన్నాయట. ఏడాదికింత అని రుసుము కట్టి, ఆన్‌లైన్‌లో ఫారం నింపితే సరిపోతుంది. పాట పేరు నింపాడు. పాడినవాళ్ళ పేర్లు నింపాడు. అట్ట బొమ్మ పెట్టాడు. 'పాట రాసినవారు' అన్న గడి దగ్గర ఆగిపోయాడు. అసలు పేరు, ఇంటిపేరు రెండూ కావాలి. పక్కన ఎర్ర చుక్క. అది నింపకపోతే ముందుకు పోదు.

పాట మాది. అంటే, 2003లో మా దళం క్యాసెట్టులో పాడిన పాట. ఆ క్యాసెట్టు అట్ట మీద 'సేకరణ: బృందం' అని వేశాం.

"బృందం అని రాయిరా."

"తీసుకుంటలేదు చిన్నాయినా. మనిషి పేరు అడుగుతుంది."

ఇరవై ఏళ్ళ పైబడి ఒక్క మనిషి కూడా నన్ను అడగని ప్రశ్న అది. చివరికి ఒక ఫారం అడిగింది.

*

ఆ రోజుల సంగతి కొంచెం చెప్పాలి. 2002లో కామారెడ్డిలో ధూంధాం మొదలైన తర్వాత మా దిక్కు ఊరికో దళం పుట్టింది. గోచి, గొంగడి, కాళ్ళకు గజ్జెలు. మేం ఏడుగురం. పగలు ఎవడి పని వాడిది, రాత్రి పాట. సభలో పాడితే జనం ఊగిపోయేవాళ్ళు, తెల్లారితే మరిచిపోయేవాళ్ళు. క్యాసెట్టు ఉంటే మరిచిపోరు కదా అన్నది మా ఆలోచన. మాకంటే ముందే జననాట్యమండలి పాటలు క్యాసెట్ల మీదనే ఊళ్ళు తిరిగాయి. గద్దరును కళ్ళతో చూడనివాళ్ళు కూడా గొంతు విని గుర్తుపట్టేవాళ్ళంటే క్యాసెట్టు పుణ్యమే.

తలా ఇంత వేసుకున్నాం. ఒకడు మేకపిల్లను అమ్మాడు. కాజీపేటలో రైలెక్కి హైదరాబాదు పోయి, గంటల లెక్కన ఒక స్టూడియో మాట్లాడుకున్నాం.

మొదటి దెబ్బ డప్పు దగ్గర పడింది. డప్పు తోలు కాకమీదుంటేనే పలుకుతుంది. మంట పెట్టి కాపుకుని, సిర్ర, సిటికెన పుల్ల పట్టుకుంటే అప్పుడు ఖణేల్‌మంటుంది. స్టూడియోలో ఏసీ. పావుగంటకే తోలు చల్లబడి 'బొద్దు బొద్దు' అంటుంది. లోపల అగ్గిపుల్ల గీయనీయరు. మా డప్పు వాయించేటాయన పాటకొకసారి మెట్లు దిగి, రోడ్డు మీద పాత పేపర్లు కాల్చి, డప్పు కాపుకుని, పరుగున పైకొచ్చేవాడు. గంటల మీటరు మాత్రం తిరుగుతూనే ఉంది. ఆ క్యాసెట్టు బడ్జెట్టులో సగం ఆ మెట్ల మీదే ఖర్చయిందని ఇప్పటికీ నవ్వుకుంటాం.

రెండో దెబ్బ క్యాసెట్టు కొలత. ఫిలిప్స్ కంపెనీ 1963లో ఈ చిన్న క్యాసెట్టును తెచ్చినప్పటి నుంచీ దాని లెక్క దానిదే. అరవై నిమిషాల క్యాసెట్టంటే ఈ పక్క ముప్పై, ఆ పక్క ముప్పై. సభలో పాట అరగంట సాగినా అడిగేవాడు లేడు. ఇక్కడ ముప్పై దాటితే రీలు అయిపోతుంది. ఏ పక్క చివరి పాట మా నాటు పాట. రికార్డిస్టు గడియారం చూసి, "రెండు నిమిషాలు ఎక్కువైతుంది, ఒక చరణం తీసేయండి" అన్నాడు. ఏది తీయాలి? చివరిది తీసేశాం. పెద్దగా ఆలోచించలేదు. బువ్వ తినే టైమైంది, అందరికీ ఆకలిగా ఉంది.

వెయ్యి కాపీలు వేయించాం. 2004 సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరలో, ఫిబ్రవరిలో మేడారంలో గొంగడి పరిచి అమ్మాం. మేడారంలో మూడు రోజుల్లో నాలుగు వందలు పోయాయి. ఇంకేం, మనమే రాజులం అనుకున్నాం. తిరిగొచ్చి బస్టాండు పక్కన నిలబడితే, ఖాళీ క్యాసెట్టు మీద కోరిన పాటలు ఎక్కించి ఇచ్చే దుకాణంలో మా పాటే మోగుతోంది. వాడు మా క్యాసెట్టు ఒక్కటి కొని, ఎన్నింటికి ఎక్కించి అమ్మాడో మల్లన్నకే తెలుసు. మేం పోయి గొడవపడ్డాం. "మా పాట నువ్వెట్ల అమ్ముతవ్?" అని మావాడొకడు చొక్కా కూడా పట్టుకున్నాడు.

మా పాట! ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే నాకే ఎట్లనో ఉంటుంది.

*

ఆ నాటు పాట నేను తెచ్చింది. మా ఇంటికి మూడిళ్ళ అవతల ఒక అవ్వ ఉండేది. నాట్లప్పుడు ఆమె ముఠాకు గిరాకీ ఎక్కువ. ఆమె ముందుపాట ఎత్తుకుంటే ఇరవై మంది వంత పాడుతూ మడి వెనక మడి దాటేవాళ్ళు. నడుము నొప్పి తెలియకుండా పని సాగాలంటే పాట కావాలి. పాట వేగమే నాటు వేగం. 2003 వానాకాలంలో ఆకేరు దిక్కు ఒక పొలం గట్టు మీద కూర్చుని చిన్న టేప్‌రికార్డరులో పట్టుకున్నాను. "నా గొంతు డబ్బల పెడ్తున్నవారా?" అని నవ్వింది. నీళ్ళ చప్పుడు, కాళ్ళ చప్పుడు, మధ్యలో ఎవరో ఎవరినో తిట్టడం, అన్నీ ఎక్కాయి.

ఆ రికార్డు ఇప్పుడుంటే బంగారం. లేదు. ఖాళీ క్యాసెట్టుకు డబ్బుల్లేక దాని మీదనే మా రిహార్సల్ ఎక్కించుకున్నాను. ఎవరో పాడు చేయలేదు, నేనే చేశాను.

క్యాసెట్టు వచ్చాక ఆమెకు ఒకటి ఇచ్చాను. రెండు చేతులతో తీసుకుని కళ్ళకద్దుకుంది. ఆమె ఇంట్లో టేప్‌రికార్డరు లేదన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

*

పాటకూ పేరుకూ ఉన్న పేచీ మాతో మొదలైంది కాదు. 'బండెనక బండి కట్టి' అనగానే మీకు ఎవరు కనిపిస్తారు? గద్దరే. 1980లో వచ్చిన 'మా భూమి' సినిమాలో కర్ర పట్టుకుని పాడింది ఆయనే. ఆ పాట మాత్రం బండి యాదగిరిది. తెలంగాణ సాయుధ పోరాటం నాటిది. పాట కోట్ల నోళ్ళలో ఉంది. యాదగిరి పేరు ఎన్ని నోళ్ళలో ఉంది? ఇందులో పాడినాయన తప్పేం లేదు. గొంతు తెర మీద కనిపిస్తుంది, రాసిన చెయ్యి కనిపించదు.

మన పాత వరంగల్ జిల్లా రేబర్తి అందెశ్రీది మరో తీరు. బడికి పోని మనిషి, పశువులు కాశాడు, తాపీపని చేశాడు. ఆయన 'జయ జయహే తెలంగాణ' ఉద్యమం పొడుగునా ప్రతి సభలో మోగింది, 2024 జూన్ 2న రాష్ట్ర గీతంగా వినిపించింది. పాట అన్ని గొంతుల్లోకి పోయినా పేరు వెంటనే నడిచింది. నిరుడు నవంబరులో ఆయన పోయినప్పుడు ఆ పాట రాసినాయన పోయాడని జనానికి తెలిసింది. అట్లాంటి అదృష్టం పొలంలో పుట్టిన పాటకు ఉండదు.

'లవ్ స్టోరీ' సినిమాలో సారంగదరియా పాట వచ్చినప్పుడు, 2021లో, గుర్తుంది కదా? సుద్దాల అశోక్‌తేజ రాశారు, మంగ్లీ పాడింది, ఊళ్ళన్నీ ఊగాయి. అంతకుముందే ఆ జానపదాన్ని ఊళ్ళలో, టీవీ వేదిక మీద పాడిన ఆడబిడ్డల సంగతేమిటని పెద్ద చర్చ నడిచింది. టీవీలో ఆ చర్చ చూస్తూ నేను మహా ఆవేశపడి, "పేరు వేస్తే ఏం పోయింది వీళ్ళకు?" అన్నాను. మా ఆవిడ చపాతీలు చేస్తూ, తల తిప్పకుండా, "మరి మీరు ఏసిన్రా?" అంది. నేను చానల్ మార్చాను.

చట్టం సంగతి ఒక్క మాటలో చెప్తాను, లాయర్లు క్షమించాలి. పాట మీద హక్కు వేరు, దాన్ని రికార్డు చేసిన ముక్క మీద హక్కు వేరు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రాసినాయనకు జీవితకాలం, ఆ మీద 60 ఏళ్ళు. రికార్డుకు విడుదలైన తర్వాత 60 ఏళ్ళు. 2012లో సవరణ వచ్చి రాసినవాళ్ళకూ, బాణీ కట్టినవాళ్ళకూ రాయల్టీ వదులుకోలేని హక్కుగా మారింది. తరతరాలుగా నోటి మీద వస్తున్న జానపదానికి మాత్రం సొంతదారు ఉండడు, ఎవరైనా పాడుకోవచ్చు. అంటే ఏమైంది? అవ్వ పాడితే అది అందరిదీ. మేం స్టూడియోకు పోయి పాడితే ఆ రికార్డు మాది. చట్టానికి ఇందులో పేచీ కనిపించదు.

*

ఇప్పటి పిల్లల పని మాకంటే సులువని అందరూ అంటారు. నేనూ అన్నాను. రెండు రాత్రులు వాళ్ళతో కూర్చున్నాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

స్టూడియో అంటే మా అన్న ఇంటి మీది గది. గోడలకు పాత బొంతలు, దూది పరుపులు వేలాడదీశారు, గొంతు గోడకు తగిలి తిరిగి రాకుండా. రెండు తీగలు గుచ్చే చిన్న డబ్బా ఒకటి ల్యాప్‌టాప్‌కు తగిలించారు. మైకు మంచిది, అదే చిక్కు. అది అన్నీ వింటుంది. పక్కింటి కుక్కరు విజిలు, ఖమ్మం రోడ్డు మీద లారీ హారను, గుడి మైకు, కుక్కలు. అందుకని రాత్రి పదకొండు దాటాక మొదలుపెట్టేవాళ్ళు. ఫ్యాను తిరిగితే ఆ గాలి మైకులోకి పోతుంది. ఎండాకాలం రాత్రి, పరుపుల మధ్య, ఫ్యాను లేకుండా నలుగురు పోరగాళ్ళు! పాట వింటే మీకు చెమట వాసన రాదు కాబట్టి చెప్తున్నా.

ఇక్కడ డప్పుకు మంట బెంగ లేదు, డాబా మీదే గడ్డి కాల్చుకున్నారు. బెంగ వేరే వచ్చింది. ఇప్పుడు అందరూ ఒకేసారి వాయించరు. ఒకరి తర్వాత ఒకరు వాయిస్తే, ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. అన్నీ కలవాలంటే అందరి చెవుల్లో ఒకటే గడియారం టిక్ టిక్ అనాలి. డప్పు కోసం పిలిచింది మా దళం పెద్దమనిషినే. చెవులకు పెట్టుకున్నది రెండు నిమిషాలకే తీసి అవతల పడేశాడు. "గది టిక్కు టిక్కు అంటుంటే నా చెయ్యి ఆడతలేదురా. నేను మనిషి ముఖం చూసి కొడ్త." చివరికి మావాడు ఎదురుగా నిలబడి పాడుతుంటే, ముఖం చూసి కొట్టాడు. గడియారానికి కొంచెం అటూ ఇటూ అయింది. కంప్యూటరులో సరిచేయబోతే పాటలో జీవం పోయిందని మళ్ళీ వెనక్కి పెట్టారు.

తర్వాత అన్నీ కలిపి పాళ్ళు సరిచూడటం. ఇయర్‌ఫోన్‌లో విన్నారు, కారులో విన్నారు, డీజే బాక్సులున్న దోస్తు షెడ్డులో విన్నారు. ఒక్కోచోట ఒక్కో తీరు. గట్టిగా పెట్టాలని ఒకడు, వద్దని ఒకడు. స్పాటిఫై లాంటివి మామూలుగా అన్ని పాటల మోతనూ ఒకే మట్టానికి తెచ్చి వినిపిస్తాయి కాబట్టి, అరిపిస్తే వచ్చే లాభం లేదని మావాడు తేల్చాడు.

వీడికి 'చౌరస్తా' బ్యాండంటే ప్రాణం. 2020 మార్చిలో కరోనా మొదటి రోజుల్లో, చేతులు కలపొద్దని వాళ్ళు చేసిన పాట మా ఊళ్ళో ముసలివాళ్ళ ఫోన్లలోకీ వచ్చింది. పాడింది రామ్ మిరియాల. సినిమా లేదు, హీరో లేడు. మరుసటేడు ఆయనే 'జాతిరత్నాలు'లో చిట్టి పాట పాడాడు, ఆ తర్వాత 'డీజే టిల్లు' పాట. నిరుడు రాము రాథోడ్ 'రాను బొంబాయికి రాను' మోగని బరాత్ లేదు, అదీ యూట్యూబ్ పాటే. ఇవి చూసి ఊరూరా గదుల్లో పరుపులు కడుతున్నారు. నాకు సంతోషమే. వాట్సాప్‌లో వచ్చిన పాట వెంట పేరు రాదు, అదే నా బాధ. కరోనా పాట మా వాడకట్టంతా విన్నది, అది ఎవరిదని అడిగితే చెప్పింది మావాడొక్కడే.

పైసల లెక్కా అడిగాను. యూట్యూబ్ ప్రకటనల్లో వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ ఉండాలి. స్పాటిఫై 2024 నుంచి, ఏడాదిలో వెయ్యిసార్లు వినని పాటకు పైసా లెక్క కట్టదు. మేడారంలో గొంగడి పరుచుకోవడమే నయం అనిపించింది. పైకి అనలేదు.

*

మళ్ళీ ఆ గడి దగ్గరకు వద్దాం. అవ్వ పోయి తొమ్మిదేళ్ళైంది. బిడ్డ ఉంది, కోనారెడ్డి చెరువు దిక్కు ఇల్లు. ఆదివారం సాయంత్రం నేనూ మావాడూ పోయాం. నాకు అక్క వరుస. విషయం చెప్పాను. అప్పుడు మీ అమ్మ పేరు వేయలేదక్కా, ఇప్పుడు వేద్దామని వచ్చినం అన్నాను. ఆ మాట చెప్పడానికి చాలాసేపు పట్టింది. ముందు వానల గురించి, ఆమె మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడాం.

ఆమె నవ్వింది. "మా అమ్మ రాసుడేంది తమ్మీ? గది మా అమ్మమ్మ పాడేది, ఆమెకన్నా ముందటోళ్ళు గూడ పాడేది. అందరి పాట అది."

నా గుండె మీది బరువు దిగింది. చూశావా, సేకరణ అని వేయడం తప్పేం కాదన్నమాట అనుకున్నాను. ఆ సుఖం అర నిమిషం కూడా లేదు.

"ఆఖరి చరణమొక్కటే మా అమ్మది. మా నాయిన సచ్చిపోయిన ఏడు కట్టింది. నాట్లల్ల అది పాడంగ కొందరు ఏడ్సేది."

మేం రీలు చాలక కోసేసిన చరణం.

నేను ఏం మాట్లాడలేదు. మావాడు నా ముఖం చూశాడు. వాడికి ఆ రెండు నిమిషాల కథ తెలుసు, చిన్నప్పటి నుంచీ తమాషాగా చెప్తూనే ఉన్నాను.

"అది నీకు యాదికున్నదా పెద్దమ్మా?" అని అడిగాడు వాడు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడకు ఆనుకుని పాడింది. పాటంతా ఒక నడక, ఈ చరణం ఒక నడక. అందరూ నడుము ఎత్తి నిలబడి ఊపిరి పీల్చుకునే చోటు అది అన్నట్టు, సగం వేగానికి దిగింది. మధ్యలో ఒక మాట మరిచిపోయి, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. వాడు ఫోనులో పట్టుకున్నాడు. వెంటనే రెండు చోట్లకు పంపుకున్నాడు కూడా, నా సంగతి తెలుసు కాబట్టి.

"మీ అమ్మకిచ్చిన క్యాసెట్టు ఉన్నదా అక్కా?"

"ఏడున్నది! చానొద్దులు దేవుని కాడ ఉండె. తర్వాత పోరగాండ్లు రీలు గుంజిన్రు. జొన్నచేనుకు కట్టినం. ఎండకు మెరుస్తుంటే ఆ యేడు ఒక్క పిట్ట రాలే."

ఆ క్యాసెట్టు వల్ల ఆ ఇంటికి జరిగిన మేలు అదొక్కటి.

ఫారంలో పేరు నింపడం ఇంకో కథ. ఊరంతా అవ్వను పిలిచే పేరు వేరు, రేషను కార్డులో వేరు, ఓటరు జాబితాలో ఇంకో అక్షరం. ఇంటిపేరు పుట్టింటిదా, అత్తింటిదా? "రెండు రాయి. ఎవలొచ్చి కొట్లాడుతరు?" అంది అక్క. మొత్తం పాటకు 'సంప్రదాయ గీతం' అని, చివరి చరణానికి ఆమె పేరు, వంతలకు బ్యాండు పేరు. అన్నీ ఒకే గడిలో పట్టవు కాబట్టి కంపెనీకి మెయిలు పెట్టారు. జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాంట్లో సగం అక్కకు అని తెల్లకాగితం మీద రాసి, నలుగురూ సంతకాలు పెట్టారు. "ఎంతొస్తది బిడ్డా?" అని అడిగితే మావాడు అబద్ధం చెప్పలేదు. "వెయ్యిమంది వింటే లెక్క మొదలైతది పెద్దమ్మా." "అయితే మా మనుమరాలికి జెప్త, అది దినాం వింటది" అంది.

విడుదల వాయిదా పడింది. చరణం కలిపి మళ్ళీ రికార్డు చేయాలి కదా. చివరి చరణం దగ్గర చెవుల్లో టిక్కు టిక్కు ఆపేద్దామని నిన్న రాత్రి తీర్మానించుకున్నారు. డప్పు పెద్దమనిషి అంతా విని, ఆ చరణానికి తాను కొట్టనన్నాడు. ఊరికే పక్కన కూర్చుంటాడట.